విజ్ఞాన్ భవన్ నుంచి గుణుపూర్ మెలొడీ స్టేజీ దాకా: జాతీయ సంగీత అవార్డుల లెక్క

2025 సెప్టెంబరు 23, నవరాత్రుల్లో రెండో రోజు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము 71వ జాతీయ చలనచిత్ర అవార్డులు అందజేశారు. ఒడిశా సరిహద్దు పట్నాల్లో, అంటే బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు, అవి దుర్గ పందిళ్ల రోజులు. మెలొడీ పార్టీల వాళ్లకు ఊపిరి సలపని రోజులు కూడా. మనం ఆర్కెస్ట్రా అనేదాన్ని అక్కడ మెలొడీ అంటారు. ఒక కీబోర్డు, ఒక ఆక్టోప్యాడ్, ఒక గాయకుడు, ఒక గాయని, ఇద్దరు ముగ్గురు డాన్సర్లు, మైకు వదలని ఒక యాంకర్. పాటల లిస్టు పేటను బట్టి మారుతుంది. ఒడియా వాళ్లు ఎక్కువుంటే ఒడియా, హిందీ పాటలు. తెలుగు సాలెవాళ్ల వీధిలోనో, రైల్వే క్వార్టర్ల దగ్గరో అయితే రాత్రి పది దాటాక అంతా తెలుగే.

ఆ ఏడాది ఢిల్లీ లిస్టులో తెలుగు పాటకు రెండు అవార్డులున్నాయి. 'బలగం'లో పల్లెటూరి పాట రాసిన కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత. 'బేబీ'లో పాడిన పి.వి.ఎన్.ఎస్. రోహిత్ ఉత్తమ గాయకుడు. ఈ రెండూ మెలొడీ స్టేజీకి కొత్తవి కావు. సినిమాలు 2023వి. స్టేజీ మీద పాడి పాడి వాటి జోరు తగ్గాక అవార్డు వచ్చింది. ఏ ఏడాదైనా ఇంతే. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సెన్సారు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలనే ఆ ఏడాది లెక్కలోకి తీసుకుంటారు. తర్వాత ఎంట్రీలు, జ్యూరీలు, ప్రకటన, ప్రదానం. 2023 సినిమాలకు ప్రకటన 2025 ఆగస్టు 1న వచ్చింది. పాట పుట్టిన రెండేళ్లకు పతకం.

మన దేశంలో సంగీతానికి జాతీయ అవార్డు అనగానే జనం అనుకునేది ఈ సినిమా అవార్డుల్లోని అయిదు విభాగాలనే. పాటల సంగీతం, నేపథ్య సంగీతం, గాయకుడు, గాయని, గీత రచన. సంగీత నాటక అకాడమీ వేరే ఉంది, దాని సంగతి తర్వాత. ఈ అయిదు విభాగాల్లో ఒక విశేషం ఉంది. సినిమాకు ఇచ్చే అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ ఒడియా చిత్రం అని భాషవారీ వాటా ఉంటుంది. సంగీతానికి అది లేదు. అన్ని భాషల పాటలూ ఒకే బరిలో దిగాలి. తెలుగు పాట ఒడియాతో, మరాఠీతో, మలయాళంతో పోటీ పడాలి. 70వ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం 'కార్తికేయ 2', ఉత్తమ ఒడియా చిత్రం 'దమన్'. ఇది మల్కాన్‌గిరి కొండల్లో మలేరియాతో పోరాడిన డాక్టరు కథ, అంటే అచ్చంగా సరిహద్దు జిల్లా కథ. సంగీతం అయిదు విభాగాల్లో మాత్రం ఆ ఏడు తెలుగుకూ ఒడియాకూ ఒక్కటీ రాలేదు. ప్రీతమ్, ఎ.ఆర్. రహమాన్, అరిజీత్ సింగ్, బాంబే జయశ్రీ, నౌషాద్ సదర్ ఖాన్ పంచుకున్నారు.

దానికి ముందటేడు సీను పూర్తిగా తారుమారు. 2021 సినిమాలకు ఇచ్చిన 69వ అవార్డుల్లో అయిదింట నాలుగు తెలుగువే. పాటల సంగీతానికి 'పుష్ప'తో దేవి శ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి 'ఆర్ఆర్ఆర్'తో కీరవాణి, గాయకుడిగా అదే సినిమాకు కాలభైరవ, గీత రచనకు 'కొండపొలం'తో చంద్రబోస్. గాయని అవార్డు ఒక్కటే తమిళ సినిమాకు పాడిన శ్రేయా ఘోషల్‌కు వెళ్లింది. ఇక్కడే చాలామందికి తికమక. కీరవాణికీ చంద్రబోస్‌కూ 2023 మార్చిలో ఆస్కారు తెచ్చింది 'ఆర్ఆర్ఆర్' పాట. ఢిల్లీలో మాత్రం కీరవాణికి పాటలకు కాకుండా నేపథ్య సంగీతానికి వచ్చింది. చంద్రబోస్‌కు ఆ పాటకు కాకుండా వేరే సినిమా పాటకు వచ్చింది. ఆస్కారు పాటకు స్టెప్పులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు నృత్య దర్శకత్వం అవార్డు ఇచ్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన పాట ఢిల్లీ లెక్కలో డాన్సు ఖాతాలో పడిందన్నమాట. ఇందులో కుట్ర ఏమీ లేదు. పాటల సంగీతానికి ఉన్నది ఒక్క పతకం, అది 'పుష్ప'కు ఇచ్చేశారు. నేపథ్య సంగీతానికి 2009 సినిమాల నుంచి ప్రతి ఏటా విడిగా పతకం ఇస్తున్నారు కాబట్టి ఒకే ఏడాది ఇద్దరు తెలుగు సంగీత దర్శకులకు చోటు దొరికింది. ఆ విభజన లేకపోతే ఇద్దరిలో ఒకరు ఇంట్లో కూర్చుని టీవీ చూసేవారు.

జ్యూరీ రెండు అంచెలు. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు వడపోస్తాయి, తర్వాత కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. తెలుగు సినిమా దక్షిణాది ప్యానెల్‌కు పోతుంది. ఒడియా సినిమా తూర్పు ప్యానెల్‌కు, బెంగాలీ, అస్సామీ సినిమాల పక్కకు పోతుంది. బరంపురంలో ఒకే రోడ్డు మీద రెండు హాళ్లలో ఆడిన రెండు సినిమాలు ఢిల్లీ దారిలో చెరో రైలెక్కుతాయి. డబ్బింగు సినిమాకు ఎంట్రీ లేదు, మూల భాషలో తీసినదే లెక్క. సినిమాకు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు ఉండాలి. గీత రచనకు పతకం ఇచ్చే పెద్దల్లో ఎక్కువమంది ఆ పాటను కింద నడిచే ఇంగ్లిషు అక్షరాల్లోనే చదువుతారు.

ఈ సబ్‌టైటిల్ విషయం మనసులో పెట్టుకుని పాత జాబితా తిరగేస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. ఉత్తమ సంగీతానికి జాతీయ అవార్డు మొదలైంది 1967 సినిమాలతో. తొలి విజేత మన కె.వి. మహదేవన్, అయితే తమిళ సినిమాకు. తెలుగు సినిమా సంగీతానికి మొదటిసారి వచ్చింది 1979లో, 'శంకరాభరణం'తో, మళ్లీ ఆయనకే. తర్వాత 1982లో 'మేఘసందేశం'తో రమేశ్ నాయుడు, 1983లో 'సాగర సంగమం'తో, 1988లో 'రుద్రవీణ'తో ఇళయరాజా, 1997లో 'అన్నమయ్య'తో కీరవాణి, 2004లో 'స్వరాభిషేకం'తో విద్యాసాగర్. మొత్తం ఆరు. ఈ ఆరు కథలనూ వరసగా పెట్టి చూడండి. ఒక శాస్త్రీయ గాయకుడు, ఒక కవి, ఒక నర్తకుడు, సంగీత విద్వాంసుడి ఇంట్లో ఎదురు తిరిగిన కొడుకు, ఒక వాగ్గేయకారుడు, సంగీత దర్శకులైన అన్నదమ్ములు. కథానాయకుడు కళాకారుడైతే తప్ప తెలుగు సంగీతానికి పాతికేళ్లపాటు ఢిల్లీ తలుపు తియ్యలేదు.

గాయకుల అవార్డులదీ అదే దారి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి తెలుగులో వచ్చిన మూడూ 'శంకరాభరణం', 'సాగర సంగమం', 'రుద్రవీణ' పాటలకే. 'మేఘసందేశం'కు ఏసుదాసుకూ సుశీలకూ వచ్చాయి. వాణీ జయరాంకు 'శంకరాభరణం', 'స్వాతికిరణం'. సుశీలకు 1976లో వచ్చింది ఒక మూగ నర్తకి కథకు. ఎస్. జానకికి 1984లో వచ్చిన 'సితార' కూడా ఆటపాటలు తెలిసిన అమ్మాయి కథే. ఈ వరసలో ఇమడనిది సుశీలకు 1983లో వచ్చిన 'ఎమ్మెల్యే ఏడుకొండలు' ఒక్కటి. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, జ్యూరీ ఆ ఒక్కసారి పాటనే విన్నట్టుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. రాగానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు. అస్సాం నుంచి వచ్చిన జ్యూరీ సభ్యుడికి తెలుగు ముక్క రాకపోయినా హిందోళం చెవికి అందుతుంది. సినిమా కథే సంగీతం గురించి అయితే పాట ఎందుకు గొప్పదో కథే విప్పి చెప్పేస్తుంది. మాస్ పాటకూ, యాస పాటకూ ఆ సదుపాయం లేదు. ఉత్తరాంధ్ర యాసలో ఒక 'ఏటి'లో, ఒక 'సూడు'లో ఉండే కొంటెతనం ఇంగ్లిషు అక్షరాల్లోకి దిగదు.

2004 'స్వరాభిషేకం' తర్వాత పదహారేళ్లు పాటల సంగీతంలో తెలుగుకు ఏమీ లేదు. మగ గాయకుల విభాగంలో 'రుద్రవీణ' నుంచి కాలభైరవ దాకా ముప్ఫై మూడేళ్ల ఎడం. 2020 సినిమాలకు తమన్ 'అల వైకుంఠపురములో'తో తలుపు తెరిచాడు. ఆ వెంటనే 'పుష్ప'. ఒకదాంట్లో హీరో డబ్బున్న ఇంట్లో పుట్టి గుమాస్తా ఇంట్లో పెరిగిన కుర్రాడు, ఇంకోదాంట్లో ఎర్రచందనం దొంగ. వీళ్లకు రాగాలతో పనిలేదు. జ్యూరీ చెవి మారిందా, పాటే జ్యూరీ చెవిలో ముందుగా పడిందా అంటే రెండోదే నిజమనిపిస్తుంది. ఫోన్లు వచ్చాక పాట ఢిల్లీకి ఎంట్రీ ఫారంతో పాటు వెళ్లడం మానేసి, అంతకు ఏడాది ముందే వెళ్లిపోతోంది. 'పుష్ప' పాటలు హిందీలో ఊరూరా మోగాక జ్యూరీ ముందుకొచ్చాయి. డబ్బింగుకు ఎంట్రీ లేకపోయినా మూల భాష పాటకు సిఫార్సు ఉత్తరంలా పనికొచ్చింది.

గీత రచన దారి మొదటి నుంచీ వేరు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' పాటకు శ్రీశ్రీ, 1993లో 'మాతృదేవోభవ'కు వేటూరి, 2003లో 'ఠాగూర్'కు సుద్దాల అశోక్ తేజ, 2021కి చంద్రబోస్, 2023కి కాసర్ల శ్యామ్. ఇందులో శాస్త్రీయం వాసన లేదు. మన్యం పోరాటం, తల్లి కన్నీళ్లు, అవినీతి మీద కోపం, ఊరు. సబ్‌టైటిల్లో కూడా నిలబడే భావాలు ఇవే కాబోలు. శబ్దంతో, శ్లేషతో ఆడుకునే పాటకు ఈ తక్కెట్లో బరువు తక్కువ. సిరివెన్నెల సీతారామశాస్త్రి పేరు ఈ జాబితాలో లేకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు. ఘంటసాల సంగతి వేరు. గాయకుడి అవార్డు పుట్టిందే 1967 సినిమాలకు, ఆయన 1974లో వెళ్లిపోయారు. ఆయన స్వర్ణయుగమంతా పతకం పుట్టకముందే గడిచిపోయింది.

సరిహద్దు నుంచి చూస్తే ఈ జాబితాలో ముందు కనిపించే పేరు సుశీలది. పుట్టింది విజయనగరంలో, 1935లో. అక్కడి నుంచి మెయిన్ లైన్ మీద పలాస దాటితే బరంపురం, ఇంకో లైన్లో పార్వతీపురం దాటితే రాయగడ. ఈ అవార్డు చరిత్రలో తొలి ఉత్తమ గాయని ఆవిడే, 1968 సినిమాకు. అయితే పాడింది తమిళ పాట. మొత్తం అయిదు జాతీయ అవార్డుల్లో మూడు తెలుగు, రెండు తమిళం. బాలుకు ఆరు, నాలుగు భాషల్లో. గొంతుకు సరిహద్దు లేదనే మాట అరిగిపోయింది గానీ, పతకాల లెక్కలో మాత్రం అది అంకెలతో సహా రుజువైంది. 71వ అవార్డుల్లో ఉత్తమ గాయనిగా నిలిచిన శిల్పా రావు కూడా జంషెడ్‌పూర్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన అమ్మాయే. పతకం 'జవాన్' హిందీ పాటకు వచ్చింది. తెలుగు సినిమాలో పాడి ఒక గాయని జాతీయ అవార్డు తెచ్చుకున్నది చివరిసారి 1991 సంవత్సరానికి, 'స్వాతికిరణం'తో. అంటే మూడు దశాబ్దాలు దాటింది. 69వ అవార్డుల సంబరంలో ఈ ఖాళీ ఎవరికీ పట్టలేదు.

ఈ పట్టిక భాషను ఎంత ఇరుకుగా చూస్తుందో చెప్పడానికి 71వ అవార్డుల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ఉత్తమ పాటల సంగీతం జి.వి. ప్రకాశ్ కుమార్‌కు, 'వాత్తి' అనే తమిళ సినిమాకు. ఆ సినిమానే తెలుగులో 'సార్'. దర్శకుడు వెంకీ అట్లూరి తెలుగువాడు. రెండు భాషల్లోనూ తీశారు, బాణీలు అవే. బరంపురం తెలుగువాళ్లు ఆ పాటలను తెలుగు పాటలుగానే విన్నారు. పత్రం మీద అది తమిళ పతకం. తప్పనడానికి లేదు, ఎంట్రీ ఏ భాషలో పడితే ఆ భాషే. కాకపోతే ఒకే బాణీకి రెండు భాషల్లో జన్మ ఉన్నప్పుడు ఒక జన్మనే గుర్తిస్తారు.

సరిహద్దు జిల్లాల పాట బతికేది ఎప్పుడూ రెండు జన్మల్లోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, జయపురం అటు చేరాయి. గీత మారింది, ఇళ్లు మారలేదు. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే రైల్లో ఇవాళ్టికీ ఒకే బెంచీ మీద రెండు భాషలూ కూర్చుంటాయి. ఆ గుణుపూర్‌లో పుట్టినవాడే రఘునాథ్ పాణిగ్రాహి. జయదేవుడి గీతగోవిందం పాడడంలో ఒడిశాలో ఆయన పేరు తర్వాతే ఇంకెవరైనా. పెళ్లాడింది ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహిని. తెలుగువాళ్లు మాత్రం ఆయన పేరు తెలియకుండానే ఆయన గొంతు దాచుకున్నారు. 1956లో వచ్చిన 'ఇలవేలుపు'లో చందమామను పిలిచే పాట ఉంది కదా, సుసర్ల దక్షిణామూర్తి సంగీతం, లీల, సుశీల గొంతులతో కలిసి వినిపించే ఆ మగ గొంతు ఆయనదే. ఆ పాటను ఎంతమంది ఘంటసాలదో ఏ.ఎం. రాజాదో అనుకుంటారో! మద్రాసు సినిమాల్లో నిలదొక్కుకోగలిగిన మనిషి ఆ దారి వదిలేసి, భార్య నాట్యానికి పాడడానికి వెళ్లిపోయాడు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

ఇక్కడ అకాడమీ సంగతి. 1953లో మొదలైన ఆ సంస్థ సినిమాతో సంబంధం లేని సంగీతాన్ని చూసుకుంటుంది. విజయనగరం సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా చేసిన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడికి తొలినాళ్లలోనే, 1953లోనే, అకాడమీ అవార్డు వచ్చింది. నలభై ఏళ్ల లోపువారికి బిస్మిల్లా ఖాన్ పేరుతో యువ పురస్కారం కూడా ఉంది. గౌరవానికి లోటు లేదు, జనానికి పట్టడమే తక్కువ. ఆ అవార్డు ఎవరికొచ్చిందో పొద్దున్న టీ కొట్టు దగ్గర ఎవరూ మాట్లాడుకోరు.

సినిమా అవార్డుకూ అకాడమీ అవార్డుకూ మధ్య ఒక పెద్ద సందు మిగిలిపోయింది. సినిమాది కాదు, శాస్త్రీయమూ కాదు, కానీ లక్షలమంది పాడే పాట. ఒడిశాలో దీనికి 'రంగబతి'ని మించిన సాక్ష్యం లేదు. పశ్చిమ ఒడిశా మాట సంబల్‌పురిలో మిత్రభాను గౌంతియా రాశారు, ప్రభుదత్త ప్రధాన్ బాణీ కట్టారు, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 1970ల నాటి పాట. సరిహద్దు తెలుగు పెళ్లిళ్లలో కూడా ఊరేగింపు బ్యాండు ఈ పాట ఎత్తుకోకపోతే పెళ్లి కొడుకు స్నేహితులు ఊరుకోరు. దీని వెనక సినిమా లేదు కాబట్టి సినిమా అవార్డుల పట్టికలో దీనికి గడే లేదు. ప్రభుత్వం పద్మ దారిలో గుర్తించింది. హరిపాల్‌కు 2017లో, గౌంతియాకు 2020లో పద్మశ్రీ ఇచ్చింది. పాట పుట్టిన నలభై ఏళ్లకు. 'బలగం' పాటకు రెండేళ్లు పట్టిందని అనుకోవడం ఎందుకిక?

ఈ సందులోంచి ఒక్కసారి వెలుగు పడింది. 2020 సినిమాలకు ఉత్తమ గాయని నంజియమ్మ. కేరళ అట్టప్పాడిలోని ఇరుళ గిరిజన మహిళ. 'అయ్యప్పనుమ్ కోషియుమ్'లో పాడింది తన భాషలోనే. సంగీతం నేర్చుకోని మనిషికి ఉత్తమ గాయని అవార్డేమిటని అప్పట్లో ఒకరిద్దరు సంగీతకారులు ముఖం మాడ్చుకున్నారు. మరికొందరు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ పాటలో మాటలు కేరళలోనే చాలామందికి అర్థం కావు. అయినా గెలిచింది. రాగానికి సబ్‌టైటిల్ అక్కర్లేదని పైన అనుకున్నాం, గొంతులో పచ్చిదనానికీ అక్కర్లేదని ఆ ఏడు జ్యూరీ తేల్చింది.

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఈ వార్తను ఎలా చదవాలో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ సవర ఉంది, కువి ఉంది, గదబ ఉంది. గిరిజనుల ధింసా నాట్యం అడుగు అరకులోనూ కోరాపుట్‌లోనూ ఒకటే. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ భాషల్లో పాటలకు కొదవ లేదు, వాటిని తమ కథలోకి తీసుకునే సినిమాలకే కొదవ. ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. తెలుగు సినిమా గిరిజన వీరుణ్ణి, మన్యం వీరుణ్ణి పాటలో నిలిపి రెండుసార్లు జాతీయ అవార్డు తెచ్చుకుంది. 1974లో అల్లూరి మీద, 2021లో కొమురం భీమ్ మీద. రెండూ గొప్ప పాటలే. రెండూ తెలుగులోనే. గోండు మాట గానీ, కోయ మాట గానీ మైకు ముందుకు రాలేదు. నంజియమ్మ పక్కన పెడితే తేడా తెలుస్తుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. సంగీత విభాగాలకు ఇచ్చేది రజత కమలం. 70వ అవార్డుల నుంచి నగదును రెండు లక్షలకు పెంచారు, అంతకుముందు యాభై వేలు. పేరున్న గాయకుడికి అది ఒక షో డబ్బు కూడా కాదు. అందుకే అందరూ ఆ గౌరవాన్ని రాష్ట్రపతి చేతిలో చూసుకుంటారు. 2018లో రాష్ట్రపతి పదకొండు మందికే స్వయంగా ఇస్తారని తెలిసి యాభై మందికి పైగా వేడుకకు రాలేదు. పతకం అదే, డబ్బు అంతే, ఇచ్చే చెయ్యి మారితే మొహం చిన్నబోయింది. బరంపురం వాళ్లకు ఈ రాష్ట్రపతి సంగతిలో ఒక చిన్న సరదా ఉంది. వి.వి. గిరి పుట్టింది వాళ్ల ఊళ్లోనే, తెలుగు ఇంట్లో. ఇప్పటి రాష్ట్రపతిది ఒడిశా మయూర్‌భంజ్. రెండు భాషల వాళ్లూ చెరొకరిని పంచుకోవచ్చు.

మళ్లీ మెలొడీ స్టేజీ దగ్గరికి. గాయని ముందు స్టాండు మీద ఒక పాత డైరీ ఉంటుంది. అందులో తెలుగు పాటలుంటాయి, రాసింది మాత్రం ఒడియా లిపిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అందుకే చేతికి వచ్చిన అక్షరాలు అవి. ఒడియాలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం. ఒ, ఓ లకూ ఒకటే. 'నెల' అని రాసినా 'నేల' అని రాసినా పేజీ మీద ఒకేలా ఉంటుంది. 'ఒడి'కీ 'ఓడి'కీ తేడా కనపడదు. పాట చెవిలో ఉంటే పర్వాలేదు. కొత్త పాట అయితే తల్లి ఒడి కాస్తా ఓడిపోవడమవుతుంది. కొందరు ఆ అక్షరం మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటారు, గీత ఉంటే సాగదియ్యాలని గుర్తు. ఢిల్లీ జ్యూరీకి పాట ఇంగ్లిషు అక్షరాల్లో చేరుతుంది, గుణుపూర్ గాయనికి ఒడియా అక్షరాల్లో చేరుతుంది. అచ్చ తెలుగు అక్షరాల్లో దాన్ని చదివేవాళ్లు ఈ రెండు చోట్లా తక్కువే. తప్పు దొర్లితే మాత్రం గుణుపూర్‌లో ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ అక్కడికక్కడే పట్టేస్తుంది.

యాంకరుకు జాతీయ అవార్డు అనే మాట బాగా పనికొస్తుంది. పాట మొదలుపెట్టే ముందు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెబుతాడు. 'బలగం' పాటకు ఈలలు పడతాయి గానీ, అది తెలంగాణ యాస. 'ఏటండీ ఆ మాట?' అని పక్కవాళ్లను అడిగేవాళ్లు పందిట్లో ఉంటారు. అడిగినవాళ్లకు అర్థం తెలిసేలోపు చరణం అయిపోతుంది, ఊపు మాత్రం ఆగదు. అవార్డు పాటల్లో గాయని సోలో వంతు వచ్చేసరికి లిస్టు చిక్కిపోతుంది. 1991 తర్వాత తెలుగు సినిమాలో గాయని గొంతుకు పతకం లేదు కాబట్టి, ఆ పేరు చెప్పి పాడాలంటే 'సితార' దగ్గరికో 'మేఘసందేశం' దగ్గరికో వెళ్లాల్సిందే. రాత్రి పదకొండింటికి, గొంతు అప్పటికే నలిగిపోయి ఉండగా, కీబోర్డు కుర్రాడి వైపు తిరిగి అర శ్రుతి తగ్గించమని సైగ చేస్తుంది. కుర్రాడు ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కుతాడు. డైరీలో ఆ పేజీ నిండా ఎర్ర గీతలే.